నా పేరు మీద ఐదు ఎఫ్‌లు

"శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు దాకా ఆగుతాం," అంది స్పీకర్ ఫోన్‌లో, మెడికల్ కాలేజీ అడ్మిషన్ల ఆఫీసు నుంచి మిసెస్ విట్‌లో. "ఆ తర్వాత మీ సీటు వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్ళకి వెళ్ళిపోతుంది. దరఖాస్తులో నిజం దాచారని మీ ఫైలు మీద రాస్తాం. ఆ మాట దేశంలో ఉన్న మెడికల్ కాలేజీలన్నిటికీ కనిపిస్తుంది."

"మేడమ్, నేను ఆ కాలేజీ గుమ్మం కూడా తొక్కలేదు."

"బ్రష్ ఫోర్క్ కమ్యూనిటీ కాలేజీ. ఐదేళ్ళ కిందట, ఆగస్టు నుంచి డిసెంబరు దాకా. ఐదు క్లాసులు. ఐదింట్లోనూ ఫెయిల్, ఎఫ్ గ్రేడు. పేరు టెస్సా స్లోన్. పుట్టిన తేదీ మీదే, సోషల్ సెక్యూరిటీ నంబరు మీదే. చదివిన కాలేజీలన్నీ రాశానని మీరు సంతకం పెట్టారు, మిస్ స్లోన్."

ఫోన్ పెట్టేసింది.

బల్లకి అవతల ప్రొఫెసర్ ప్రూయిట్ కాఫీ కప్పు తిప్పుతూ కూర్చున్నాడు. మా యూనివర్సిటీ నుంచి మెడిసిన్‌కి వెళ్ళాలనుకునే వాళ్ళందరూ ఆయన చేతుల మీదుగానే వెళ్ళాలి. ఇరవై రెండేళ్ళుగా అదే పని.

"నాలుగేళ్ళు నా ఎదురుగా కూచున్నావు, స్లోన్. ఒక్క ముక్క చెప్పలేదు."

"చెప్పడానికేముంది సార్? నేను చేరలేదు."

"ప్రతి ఏడూ ఒకడు ఆ కుర్చీలోనే కూచుని అదే మాటంటాడు. పోయినేడు వాడైతే తనకో కవల తమ్ముడున్నాడన్నాడు."

"నాకు కవలలు లేరు."

"తెలుసు. నీకంత అదృష్టం కూడానా."

ఆయన కాగితం తీసుకుని లెక్క వేశాడు. ఆ లెక్క నాకు నిద్రలో కూడా వచ్చు. మొదటి ఏడాది నా సగటు నాలుగుకి రెండు పాయింట్ నాలుగు. కెమిస్ట్రీలో సి, జీవశాస్త్రంలో సి, గణితంలో డి. ఆ ఒక్క ఏడాదిని పూడ్చడానికి మూడేళ్ళు పట్టింది. ఆ మూడేళ్ళలో మూడు పాయింట్ తొమ్మిది తెచ్చుకున్నాను. అంతా కలిపితే మూడున్నర కంటే రవ్వంత పైన ఆగింది. మెడికల్ కాలేజీ దృష్టిలో పద్దెనిమిదేళ్ళ వయసులో తెచ్చుకున్న డి ఎప్పటికీ పాతబడదు. ప్రతి గ్రేడూ చివరిదాకా కూడికలో ఉంటుంది. చాలాచోట్ల సగటు ఒక గీత కంటే కింద ఉంటే, మనిషి కళ్ళు పడకముందే కంప్యూటరే దరఖాస్తుని పక్కన పడేస్తుంది.

"ఈ ఐదు కలిపితే మూడు పాయింట్ ఒకటి మూడు," అన్నాడు ప్రూయిట్. "గీత కంటే కింద. కానీ సగటు సంగతి తర్వాత. అబద్ధమాడావని రాస్తే ఇంకెక్కడా అడుగు పెట్టలేవు."

"వేరేవాళ్ళు నా పేరుతో చేరి ఉంటే?"

"ఎవరో ఒక పేరు పట్టుకురా. ఊరికే నేను కాదంటే చాలదు."

ఆ మాట ఆయన నోట వినడం నాకు వింతగా తోచింది. ఎందుకంటే నాలుగేళ్ళుగా ఆయన నాకు నేర్పింది దానికి సరిగ్గా వ్యతిరేకం. మొదటి ఏడాది గ్రేడులు ఎందుకు తగ్గాయని దరఖాస్తులో ఒక పేజీ రాయాలి. నేను మొదట ఉన్నదున్నట్టు రాశాను. ప్రభుత్వ గ్రాంటు ఆ ఏడాది హఠాత్తుగా ఆగిపోయిందని, రాత్రిళ్ళు వృద్ధాశ్రమంలో పని చేశానని. ప్రూయిట్ ఎర్ర పెన్నుతో మొత్తం కొట్టేశాడు. "ఇది ఏడుపు. ఎవరి మీదా తోయకు. తప్పు నాదే అను. కమిటీలకి అదే కావాలి." అప్పుడు రాసుకున్నాను, నాకు ఆ వయసులో చదువు విలువ తెలియలేదని. ఉత్తుత్తి ఇంటర్వ్యూలు ముప్పై చేయించాడు. ముప్పై సార్లు తప్పు నాదే అన్నాను. ఇరవయ్యోసారికి నేను కూడా నమ్మడం మొదలుపెట్టాను.

మంగళవారం పదిన్నరకి కారెక్కి బ్రష్ ఫోర్క్ బయలుదేరాను. రెండు గంటల కొండదారి.

రికార్డుల గదిలో లోనీ గాఫ్ అనే పెద్దాయన ఉన్నాడు. మెడలో రెండు కళ్ళజోళ్ళు వేలాడుతున్నాయి. నా లైసెన్సు చూశాడు, నా మొహం చూశాడు, కంప్యూటరు చూశాడు.

"మళ్ళీ చేరడానికొచ్చావా అమ్మాయ్? ముందా పాత బాకీ సంగతి..."

"నేనెప్పుడూ చేరలేదండీ. ఎవరో నా పేరుతో చేరారు."

ఆయన ఆశ్చర్యపోలేదు. కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"గ్రాంటు కోసం చేరతారు. ఫీజు పోగా మిగిలిన డబ్బు బ్యాంకు కార్డులో వేసి ఇంటికి పంపిస్తాం కదా, దానికోసం. కానీ అలాంటి వాళ్ళు క్లాసు మొహం చూడరు. మూడో వారంలో మేం పేరు కొట్టేస్తాం. గ్రేడులేం పడవు. నీకు పడ్డాయంటే నువ్వు క్లాసుకి వచ్చినట్టే."

"నేను రాలేదండీ!"

"ఆన్‌లైన్‌లో వచ్చావు. లేదా నీ పేరున్న మనిషి వచ్చింది. మొదటి వారం ప్రతి క్లాసులోనూ తన గురించి పరిచయం రాయమంటాం. అది రాస్తే వచ్చినట్టు లెక్క, అప్పుడే డబ్బు కదులుతుంది. ఐదు క్లాసుల్లోనూ రాసింది. ఆ తర్వాత మాయం. మరి హాజరైన మనిషికి ఎఫ్ కాక ఏమేస్తారు?"

"కార్డు ఏ చిరునామాకి వెళ్ళింది?"

ఆయన తెర నావైపు తిప్పకూడదు. తిప్పాడు.

లిక్ బ్రాంచ్ రోడ్డు, రెండువందల పన్నెండు. మా డెల్ఫా అత్త ఇంటి వెనక కోడీ ఉండే చక్రాల ఇల్లు, ట్రైలరు.

కోడీ మా అత్త కొడుకు. మత్తు మాత్రలు అమ్ముతూ దొరికి సెప్టెంబరు నుంచి కౌంటీ జైల్లో ఉన్నాడు. అంతకుముందు నాలుగైదుసార్లు వెళ్ళొచ్చాడు. మా ఇంట్లో ఏది కనబడకపోయినా, ముందు కోడీ పేరే వచ్చేది.

"ఇంకోటుంది," అన్నాడు గాఫ్. "నువ్వు మరుసటి ఏడు యూనివర్సిటీలో చేరావా? మేం అక్కడికి రాశాం. మధ్యలో మాయమైతే గ్రాంటు తిరిగి కట్టాలి కదా, ఈ మనిషి మాకు బాకీ, గ్రాంటు ఆపండి అని. వాళ్ళు ఆపే ఉంటారే?"

ఆపారు. చేరిన రెండో వారంలో ఆపారు. ఎందుకని అడిగితే, కారణం రాసి ఉత్తరం ఇంటికి పంపామన్నారు. ఇంటికి ఫోన్ చేసి అడిగితే ఏ ఉత్తరమూ రాలేదంది అత్త. రాత్రి పదకొండు నుంచి పొద్దున ఏడు దాకా ముసలివాళ్ళ పక్కలు మార్చి, ఎనిమిదింటికి కెమిస్ట్రీ క్లాసులో బల్ల మీద తలపెట్టి నిద్రపోయాను. ఆ నిద్రకి నాకు సి ఇచ్చారు. ముప్పై సార్లు తప్పు నాదే అన్నది ఆ నిద్ర గురించే.

"దీన్ని తీసెయ్యాలంటే ఏం చెయ్యాలండీ?"

"పోలీసు రిపోర్టు తే. అందులో ఎవరు చేశారో పేరుండాలి. పేరు లేకపోతే అది స్టూడెంటు ఫిర్యాదు, డబ్బాలో పడుంటుంది. పేరుంటే కేసు, ఆ రోజే రికార్డు తీసేసి మీ మెడికల్ కాలేజీకి రాస్తాను." ఆయన ప్రింటరు నుంచి ఐదు కాగితాలు తీసి కవరులో పెట్టి టేపు అతికించాడు. "ఇవి ఆ పరిచయాలు. ఐదూ ఒకటే. రిపోర్టుకి జతచెయ్యి."

కవరు తెరవాల్సిన అవసరం కనిపించలేదు. దొంగ దొరికాడు.

సాయంత్రం అత్తకి ఫోన్ చేశాను. మా నాన్న గనిలో పోయాక, అమ్మ ఒహాయోలో ఇంకో కాపురం పెట్టుకున్నాక, నన్ను పెంచింది నానమ్మ, డెల్ఫా అత్త. అత్త మా ఊరి లైబ్రరీలో పని చేస్తుంది. కౌంటీలో ఎవరి పిల్లలు కాలేజీకి వెళ్ళాలన్నా గ్రాంటు ఫారాలు ఆవిడే నింపుతుంది. నావి కూడా ఆవిడే నింపింది.

"కోడీనే అత్తా. వాడి ట్రైలరుకే కార్డు వెళ్ళింది."

అవతల ముక్కు ఎగబీల్చిన శబ్దం.

"రాయించెయ్ బంగారం. వాడు నా కొడుకని చూడకు. నీ సీటు ముఖ్యం."

ఇలాంటి మనిషి ఎంతమందికి దొరుకుతుంది అనుకున్నాను. నిజంగా అనుకున్నాను.

బుధవారం పదకొండింటికి జైలు. అద్దానికి అవతల కోడీ ఫోన్ తీసి చెవికి పెట్టుకున్నాడు. చిక్కిపోయాడు గాని నవ్వు మాత్రం పాతదే.

"ఓహో, డాక్టరమ్మ! స్టెతస్కోపు ఇంట్లో మర్చిపోయావా?"

"నోర్మూసుకో. నువ్వేం చేశావో తెలిసిపోయింది."

"అవును, చేశాను. చాలా? సంతకం ఎక్కడ పెట్టమంటావ్?"

ఇంత తొందరగా ఒప్పుకుంటాడని నేను అనుకోలేదు. దారంతా తిట్లు సిద్ధం చేసుకుని వచ్చాను.

"ఎందుకు చేశావు?"

వాడు తల గోక్కున్నాడు. "ముందు ఏం చేశానో చెప్పు, ఎందుకో తర్వాత చెప్తా."

"కోడీ!"

"అది కాదే. పొద్దున అమ్మొచ్చింది. ఎనిమిది నెలల్లో ఇది రెండోసారి. మొదటిసారి నా ట్రక్కు తాళాలడగడానికి. టెస్సా వస్తుంది, ఏమడిగినా అవునను, నీకింకో మూణ్ణెల్లు పడితే పడ్డాయి అంది. సరే అన్నాను. కాలేజీ గొడవని తెలుసు. అంతకంటే నన్నడక్కు."

"అత్త ఊరికే నీ పేరెందుకు చెప్తుంది?"

"నన్నడుగుతావేం? నువ్వూ నా పేరే చెప్పావుగా." వాడు నా చేతిలోని కవరు వైపు చూశాడు. "అదేంటి?"

"నువ్వు నా పేరుతో రాసిన పరిచయం."

"నేనా? రాశానా? ఏదీ, చదువు. నా రచన నేను వినొద్దూ?"

టేపు చింపి మొదటి కాగితం తీశాను. ఫోన్‌లో పైకి చదివాను.

"నా పేరు టెస్సా. నేను డాక్టర్ని కావాలనుకుంటున్నాను. మా నానమ్మ వీపుకి చెవి ఆనిస్తే, మంచుకి గడ్డకట్టిన గడ్డి మీద ఎవరో బూట్లేసుకుని మెల్లగా నడుస్తున్నట్టు వినిపిస్తుంది. ఆ నడిచేది ఎవరో తెలుసుకోవాలని..."

అక్కడ చదవడం ఆపేశాను.

"బాగుంది," అన్నాడు కోడీ. "నేనైతే స్పెల్లింగులు తప్పు రాసేవాణ్ణి."

ఆ వాక్యం నాది. పదిహేడేళ్ళప్పుడు యూనివర్సిటీ దరఖాస్తుకి వ్యాసం రాస్తూ నేను రాసుకున్న వాక్యం. దాన్ని ఒక్క మనిషికే చూపించాను. వంటింట్లో, బీన్స్ ఉడుకుతుంటే, నా చేతిలోంచి కాగితం తీసుకుని చదివి, ఇది తీసెయ్ బంగారం, మరీ అందంగా ఉంది, నీ వయసుకి ఎవరూ నమ్మరు అంది.

తీసేశాను.

"ఏంటే, తెల్లబడ్డావు?" అన్నాడు కోడీ. తర్వాత నా మొహంలోకి ఇంకాస్త చూసి, నవ్వు ఆపేశాడు. "ఓహ్," అన్నాడు. "సరే, ఏం పర్లేదు. నా పేరే రాయించు. ఇక్కడ తిండి బానే ఉంది."

లైబ్రరీకి మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు దాకా తాళం. వెనక తలుపు తోసుకుని వెళ్ళాను. అత్త లోపల ఒక్కతే కూర్చుని బొలోనీ సాండ్‌విచ్ తింటోంది. నన్ను చూసి సగం తుంచి ఇవ్వబోయింది. ఆవిడ ముందు కాగితం పెట్టాను.

కళ్ళజోడు పెట్టుకుని చివరిదాకా చదివింది.

"ఇక్కడ కామా పడలేదు," అంది.

నేను కూర్చోలేదు.

"మంచి వాక్యం," అంది మళ్ళీ. "వృథాగా పోతుందనిపించింది."

"నువ్వే తీసెయ్యమన్నావు అత్తా."

"కరెంటు కోసేస్తామని నోటీసొచ్చింది బంగారం. మీ నానమ్మ ఆక్సిజన్ మిషన్ కరెంటు మీదేగా నడిచింది? నువ్వు పక్కనే కూచుని వింటున్నది ఆ మిషనేగా? ఆ ఏడు నువ్వు కాలేజీకి పోకుండా ముసల్దాని దగ్గరే ఉన్నావు. నీ పేరు మీద గ్రాంటు ఊరికే పోతోంది. ఎవరికి నష్టం అనుకున్నాను. క్లాసుకి పోకపోతే పేరు కొట్టేస్తారని అందరికీ తెలిసిందే."

"పరిచయం రాస్తే కొట్టెయ్యరు."

"అది నాకేం తెలుసు? రాస్తేగాని డబ్బు రాలేదు, రాశాను."

ఒక పేరా. ఆ పేరా రాయకపోతే ఎఫ్‌లు లేవు. నా వాక్యం అంత బాగుండకపోతే ఆవిడ ఐదుచోట్ల అతికించేదీ కాదేమో.

"డబ్బంతా కరెంటుకే పోయిందా?"

ఆవిడ సాండ్‌విచ్ కాగితం మడతపెట్టింది. "సగం. సగం కోడీ బెయిలుకి. అందుకే అంటున్నాను, వాడి కోసం చేశాను, వాడే మోస్తే తప్పేంటి?"

"యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చిందా, రాలేదా?"

"వచ్చింది."

"ఏదీ?"

"పొయ్యిలో వేశాను."

"నేను నీకు ఫోన్ చేసి ఏడ్చాను అత్తా. గ్రాంటు ఎందుకు ఆపారో తెలీట్లేదని ఏడ్చాను. కెమిస్ట్రీలో సి వచ్చినరోజు నాకు బుర్ర లేదని ఏడ్చాను."

"నీకు బుర్రుందనే చెప్పాను కదా!" అంది, నిజంగా నొచ్చుకుని. "ప్రతి సోమవారం డబ్బా నిండా తిండి పంపాను. పెట్రోలు డబ్బులిచ్చాను. అప్పుడే నిజం చెప్తే ఏం చేసేదానివి? చదువు మానేసి వచ్చి ఇక్కడ కూచునేదానివి. చెప్పకపోబట్టే కదా ఇంతదాకా వచ్చావు?"

ఆ మాట కొంత నిజమే. నిజమైనందుకే ఇంకా కోపం వచ్చింది.

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "ఈ ఏడు ఇరవై ఆరుమంది పిల్లలు నా చేతి మీదుగా పోతున్నారు. నా పేరు రాయించావనుకో, ఉద్యోగం పోతుంది. ఇరవై ఆరు ఫారాలూ వెనక్కి తీసి చూస్తారు."

"చూస్తే ఏం దొరుకుతుంది?"

"ఏం దొరుకుతుంది? ఏం దొరకదు."

జవాబు ఒక్క క్షణం ఆలస్యంగా వచ్చింది. ఆ క్షణం నాతోపాటు బయటికి వచ్చింది, కారెక్కింది, ఇల్లు దాకా వచ్చింది.

గురువారం పొద్దున లోనీ గాఫ్‌కి ఫోన్ చేశాను.

"ఒక సాయం చేస్తారా? ఆ పరిచయంలో గడ్డకట్టిన గడ్డి అన్న మాటుంది. మీ దగ్గర ఇంకెవరి పరిచయంలోనైనా ఆ మాట ఉందేమో చూస్తారా?"

"అలా వెతకడానికి రూలొప్పుకోదమ్మా."

"సరేనండీ."

"లైన్లో ఉండు."

కీబోర్డు చప్పుడు. దగ్గు. మళ్ళీ చప్పుడు.

"పేర్లు చెప్పను," అన్నాడు చివరికి. గొంతు మారిపోయింది. "నీది కాక ఇంకో నాలుగు. అంతా అదే పేరా. నానమ్మ, చెవి, గడ్డి, బూట్లు. అన్నీ ఈ చుట్టుపక్కల కౌంటీ పిల్లలవే. చివరిది ఈ జనవరిలో."

జనవరికి కోడీ జైల్లో ఉన్నాడు. జనవరికి నానమ్మ పోయి నాలుగేళ్ళు. ఏ మిషనూ నడవడం లేదు, ఎవరి కరెంటూ పోవడం లేదు. ఇంకా నలుగురు ఏదో ఊళ్ళో, ఏదో బల్ల మీద తలపెట్టి నిద్రపోతూ తప్పు తమదే అనుకుంటున్నారు.

సాయంత్రం ప్రూయిట్ ఫోన్ చేశాడు. "దొరికాడా?"

"ఇద్దరున్నారు సార్. ఒకరు ఒప్పుకుంటున్నారు. ఒకరు చేశారు."

"ఒప్పుకున్నవాణ్ణి రాయించు. కమిటీకి ఏ పేరైనా ఒకటే. పన్నెండింటికి కాగితం చేరాలి, అంతే. చూడు స్లోన్, ఈ ఒక్కసారికి తెలివిగా ఉండు."

ముప్పై ఇంటర్వ్యూల్లో ఒక్కసారి కూడా ఆయన తెలివిగా ఉండమనలేదు. నిజాయితీగా కనిపించమన్నాడు.

శుక్రవారం తొమ్మిదిన్నరకి కౌంటీ పోలీసులుండే షెరీఫ్ ఆఫీసు ముందు కారు ఆపేసరికి అత్త అప్పటికే మెట్ల మీద ఉంది. చర్చికి వేసుకునే నీలం గౌను, తెల్ల కాలరు. నన్ను చూసి నా జుట్టు సర్దింది.

"నిన్నొక్కదాన్నీ ఎలా పంపిస్తాను?" అంది. "నేను కూడా చెప్తేనే నమ్ముతారు. తల్లి చెప్తే ఎవరు కాదంటారు?"

"అత్తా, ఇంకో నలుగురున్నారు."

నా జుట్టులో ఆవిడ వేళ్ళు ఆగాయి. ఆ తర్వాత తలుపు తోసుకుని లోపలికి నడిచింది.

డెప్యూటీ రాండల్ హాస్కిన్స్ లేచి నిలబడ్డాడు, నాకోసం కాదు.

"రండి మిస్ డెల్ఫా! కాఫీ తాగుతారా? మీ దగ్గరికే రావాలనుకుంటున్నాను. మా కేలిన్ గ్రాంటు ఎందుకో ఆపేశారు. మీరు నింపిన ఫారం కదా, తప్పుండదు. మీరోసారి వాళ్ళకి ఫోన్ చేస్తే..."

"చూస్తాను రాండల్," అంది అత్త. "తప్పకుండా చూస్తాను. ముందీ పిల్ల పని కానివ్వు. పన్నెండింటికి గడువుంది."

నేను రాండల్ వైపు చూశాను. బల్ల మీద కూతురి ఫోటో. యూనివర్సిటీ చొక్కా వేసుకుని, అన్ని పళ్ళూ కనిపించేలా నవ్వుతోంది. ఆ పిల్ల ఇప్పుడు, అప్పటి నాలాగే, మొదటి ఏడాదిలో ఉంది. ఈపాటికే ఏదో ఒక రాత్రి ఉద్యోగం వెతుక్కుని ఉంటుంది.

రాండల్ కంప్యూటరు ముందు కూర్చున్నాడు. గాఫ్ ఇచ్చిన కాగితాలు చదివాడు. పెదాలు కదుపుతూ తేదీలు కొట్టాడు, కాలేజీ పేరు కొట్టాడు, నా పేరు కొట్టాడు. రెండు వేళ్ళతోనే కొడతాడు. గోడ మీద గడియారం పది దాటి పరుగెడుతోంది.

"మంచి పిల్లవి టెస్సా," అన్నాడు కొడుతూనే. "మీ ఊరి నుంచి డాక్టరవడమంటే మాటలా? ఏ వెధవ చేశాడో గాని. సరే, చేసినవాళ్ళ పేరు?"

నేను నోరు తెరిచేలోపే అత్త అంది. "కోడీ. కోడీ లీ నేపియర్."

రాండల్ చేతులు ఆగాయి. ఆవిడ వైపు చూసిన చూపులో అంత గౌరవం నేను చర్చిలో కూడా చూడలేదు.

"మిస్ డెల్ఫా, కన్నకొడుకు మీద చెప్పాలంటే ఎంత గుండె కావాలండీ."

"న్యాయం న్యాయమే," అంది అత్త. రుమాలు తీసి కళ్ళొత్తుకుంది. కన్నీళ్ళు నిజమైనవే. ఆవిడ కన్నీళ్ళు ఎప్పుడూ నిజమైనవే, అదే నాకు ఇప్పటికీ అర్థం కాదు.

రాండల్ మళ్ళీ కంప్యూటరు వైపు తిరిగాడు. సి కొట్టాడు. ఓ కొట్టాడు.

ఇంకో నాలుగు పేజీలు కొట్టి, ఒక సంతకం పెడితే నా రికార్డు శుభ్రం. ఆగస్టులో మెడికల్ కాలేజీలో తెల్లకోటు తొడిగే వేడుక. ఆవిడ ముందు వరుసలో కూర్చుని, అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతుంది. వచ్చే జనవరిలో ఇంకెవరి పేరుతోనో, ఇంకో ఐదు క్లాసుల్లో, మా నానమ్మ వీపు మీద మళ్ళీ ఎవరో నడుస్తారు.

పేరు మారిస్తే రాండల్ అంతా మొదటినుంచి అడుగుతాడు. నమ్మడు. పైవాళ్ళని పిలుస్తాడు. పన్నెండు దాటిపోవచ్చు. సీటు పోవచ్చు.

"అది కొట్టేయండి సార్," అన్నాను.

"ఏది?"

"కోడీ పేరు."

బల్ల కింద అత్త చెయ్యి నా మణికట్టు మీద పడింది. చల్లగా ఉంది. "బంగారం," అంది చిన్నగా, "టైమైపోతోంది."

"వాడు జనవరిలో ఇక్కడే ఉన్నాడు సార్, మీ వెనక గదిలోనే. జనవరిలో ఇంకో పిల్ల పేరుతో ఇదే పని జరిగింది. మీ కేలిన్‌ది ఎప్పుడు ఆపారో ఒకసారి గుర్తు చేసుకోండి."

రాండల్ కుర్చీ నెమ్మదిగా నావైపు తిరిగింది. మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు, ఎటు పోవాలో తెలియనట్టు అక్కడే నిలిచిపోయింది.

"ఎవరు చేశారంటావు?"

అత్త వేళ్ళు నా మణికట్టుని వదల్లేదు. నేను లాక్కోలేదు. ఆవిడ వైపు చూడకుండా, రాండల్ కళ్ళలోకి చూస్తూ, పక్క గదిలో ఉన్నవాళ్ళకి కూడా వినిపించేలా చెప్పాను.

"డెల్ఫా నేపియర్. మా అత్త."